ఆదివారం అక్కడ ఆట ఉండదు

మా ఇంట్లో బీరువా వెనక గోనెసంచిలో చుట్టిన ఇనుప కర్ర ఒకటి ఉండేది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ చింతకాయలు రాల్చడానికి దాన్ని బయటికి తీస్తే చాలు... ఎక్కడున్నా సరే, నాన్న పరుగెత్తుకొచ్చేవాడు. మా మీద ఎప్పుడూ చేయెత్తని మనిషి, ఆ ఒక్క విషయంలో మాత్రం వీపు మీద ఒకటి వేసేవాడు. అది గోల్ఫ్ కర్ర అనీ, దాని పేరు సెవెన్ ఐరన్ అనీ కాస్త పెద్దయ్యాక తెలిసింది. మా బస్తీలో మరెవరింట్లోనూ లేని వస్తువు మా ఇంట్లో ఉందని అప్పట్లో మాకు భలే గర్వం. గోల్ఫ్ ఆడేవాళ్ల సంచిలో డజనుకు పైగా కర్రలుంటాయి కదా, మా ఇంట్లో ఒక్కటే ఎందుకుంది అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు. దానికి జవాబు తెలియడానికి నాకు ముప్ఫై ఆరేళ్లు పట్టింది. అదీ ఓ విహారయాత్రకు ప్లాన్ వేస్తుంటే!

నాన్న గోల్ఫ్ ఆటగాడేం కాదు. గోల్ఫ్ మైదానంలో పనివాడు. 1970లో, పన్నెండేళ్ల వయసులో నగరంలోని ఓ క్లబ్బులో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆడేవాళ్ల కర్రల సంచి మోసే కుర్రాడు. మోయడమే కాదు, బంతి ఎటు పడిందో కనిపెట్టాలి. గాలి ఎటు వీస్తోందో, అక్కడినుంచి ఏ కర్రతో కొట్టాలో అడిగితే చెప్పాలి. పన్నెండేళ్లు అలా సంచులు మోశాక 1982లో గ్రౌండ్ పనికి పర్మినెంట్ చేశారు. ఆ రోజుల్లో మన దగ్గర చాలా మైదానాల్లో బంతి వేసే గుంట చుట్టూ పచ్చగడ్డి ఉండేది కాదు. నూనె కలిపిన ఇసుక పరిచి చదును చేసేవాళ్లు. వాటిని 'బ్రౌన్స్' అనేవారు. ఒక జట్టు ఆడి వెళ్లగానే అడుగుల గుర్తులు పోయేలా వాటి మీద పట్టా లాగడం నాన్న మొదటి డ్యూటీ. తర్వాత గడ్డి గ్రీన్లు వచ్చాయి. 2016లో రిటైరయ్యేదాకా ఆ గడ్డిని పెంచాడు, కోశాడు, తడిపాడు. మొత్తం 34 ఏళ్ల సర్వీసు.

ఆడుకోవడానికి దొరికింది మాత్రం సోమవారాలు. ఆ రోజు మైదానం బాగుచేసుకోవడానికి సభ్యులకు సెలవు. పని మొదలయ్యేలోపు తెల్లవారుజామున క్యాడీలూ మాలీలూ నాలుగైదు హోల్స్ ఆడుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఏడాదికోసారి క్యాడీలకు, స్టాఫ్‌కు పోటీ పెట్టేవారు. 1989లో అందులో నాన్నే ఫస్ట్. బహుమతి... నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్! నేను కాలేజీకి తీసుకెళ్లిందీ, అమ్మ ఇప్పటికీ ఊరగాయలు పెట్టి పంపేదీ దాన్లోనే.

ఇంట్లో దేవుడి పటాల పక్కన ఓ పేపర్ కటింగ్ కూడా ఉంటుంది. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచిన చౌరాసియాది. కోల్‌కతాలోని రాయల్ కల్‌కత్తా గోల్ఫ్ క్లబ్‌లో ఆయన తండ్రి గ్రీన్‌కీపర్. అంటే నాన్నలాగే గడ్డి పనివాడు. 'మనోడు గెలిచిండు' అంటూ ఆ రోజు నాన్న బస్తీ అంతా జిలేబీ పంచాడు. ఆ 'మనోడు' ఎవరో బస్తీలో ఒక్కరికీ తెలీదు!

టైగర్ ఏడ్చిన రోజు

2022 జులైలో ఓ శుక్రవారం రాత్రి. ఓపెన్ చాంపియన్‌షిప్ 150వ సారి జరుగుతోంది... స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో. నాన్న నా ఫోన్ తీసుకుని మంచం మీద కూర్చున్నాడు. చివరి హోల్ దగ్గర చిన్న రాతి వంతెన ఉంటుంది. దాన్ని స్విల్కన్ బ్రిడ్జి అంటారు. వెనకటికి గొర్రెలకాపరులు మందను వాగు దాటించడానికి కట్టుకున్నదట. ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. పట్టుమని పదడుగులు వేస్తే అయిపోయే ఆ వంతెన గోల్ఫ్ లోకానికి గుడి గడపలాంటిది. ఆ సాయంత్రం టైగర్ ఉడ్స్ దాని మీదుగా నడుస్తూ టోపీ తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

'పాయె... ఆయన గూడ ముసలోడైండు' అన్నాడు నాన్న.

తర్వాత చాలాసేపు మాట్లాడాడు. 2000లో టైగర్ ఇదే మైదానంలో గెలిచినప్పుడు, క్లబ్బు లాంజ్ తలుపు దగ్గర నిలబడి టీవీ చూశాడట. ఆ మైదానంలో 112 బంకర్లు... అంటే ఇసుక గోతులు. బంతి అందులో పడిందంటే బయటికి తీయడం గగనం. 'నాలుగు రోజులాడిండు బిడ్డా, ఒక్కదాంట్ల గూడ పడలే' అని చెబుతుంటే నాన్న ముఖంలో ఇరవై రెండేళ్ల కిందటి ఆశ్చర్యం అలాగే ఉంది.

'పోయి చూద్దామా నాన్నా?' అన్నాను.

'చూసినం గద, టీవీల' అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఏడాది తిరక్కుండానే మా తమ్ముడు చదువు కోసం స్కాట్లాండ్‌లోని డండీకి వెళ్లాడు. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం దొరికింది. మ్యాపులో చూస్తే డండీ నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు బస్సులో అరగంట ప్రయాణం! 'అక్కా, పడుకోవడానికి చోటు నాది, టికెట్లు సగం నావి' అన్నాడు వాడు. 2024 దసరా రోజున కొత్త నోట్‌బుక్ కొని మొదటి పేజీలో 'నాన్న గోల్ఫ్ టూర్' అని రాశాను. పేపర్లో ఏళ్లుగా ఫీచర్లు రాస్తున్నదాన్ని... ఓ యాత్రకు ప్లాన్ వేయడం ఎంతసేపు అనుకున్నాను.

ఎంతసేపో తర్వాత తెలిసింది.

నోట్‌బుక్‌లో లెక్కలు

ముందు ఎప్పుడు వెళ్లాలి? స్కాట్లాండ్‌లో గోల్ఫ్ కాలం అంటే మే నుంచి సెప్టెంబరు దాకా. జూన్‌లో అయితే తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురొస్తుంది. రాత్రి పదింటిదాకా పొద్దు గుంకదు. మనకు నడివేసవిలో నలభై డిగ్రీలు కాస్తుంటే అక్కడ మధ్యాహ్నం పదిహేను, పదహారు డిగ్రీలుంటే ఎండ కాసినట్టు లెక్క. అప్పటికప్పుడు వాన, మరుక్షణం ఎండ, సముద్రం మీద నుంచి ఎప్పుడూ గాలి. 'స్వెట్టర్, వానకోటు, మంకీ క్యాప్' అని రాసుకున్నాను.

ఎలా వెళ్లాలి? హైదరాబాద్ నుంచి ఎడింబరోకి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో దోహాలోనో ఒకసారి మారాలి. ఎడింబరో నుంచి డండీకి రైల్లో గంటంపావు. దారిలో 1890లో కట్టిన ఫోర్త్ వంతెన, ఆ తర్వాత టే నది వంతెన. సెయింట్ ఆండ్రూస్‌కు మాత్రం రైలు లేదు. దగ్గరి స్టేషన్ లూకర్స్. మేం డండీ నుంచి బస్సే ఎక్కాలి.

ఇక అసలు విషయం... ఓల్డ్ కోర్సులో ఆడటం ఎలా? ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం. ప్రపంచంలో అంత పేరున్న మైదానం ఏ క్లబ్బుదీ కాదు. అది ఆ ఊరిది! ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కొన్ని టైములు నెలల ముందే బుక్కయిపోతాయి. మిగతావాటికి ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు లాటరీ తీస్తారు. ఇద్దరికి తక్కువ కాకుండా, నలుగురికి మించకుండా పేర్లివ్వాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లు ఒకప్పుడు రాత్రంతా క్యూలో పడిగాపులు కాసేవారట. 2024 నుంచి వాళ్లకూ ముందురోజు పేర్లు తీసుకుని డ్రా తీస్తున్నారు. వేసవిలో ఒక్కరు ఒక్కసారి ఆడటానికి రుసుము 300 పౌండ్లకు పైనే. మన డబ్బుల్లో 35 వేలు దాటుతుంది. నాన్న చివరి జీతం కంటే ఎక్కువ! ఆ అంకెను నోట్‌బుక్‌లో చిన్న అక్షరాలతో రాశాను, ఆయన చూడకుండా.

లాటరీని నమ్ముకోవడం ఎందుకని ఓ ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేశాను. 'గ్యారంటీ టీ టైమ్‌తో ప్యాకేజీ ఉంది మేడమ్' అన్నాడు. టీ టైమ్ అంటే చాయ్ తాగే సమయం కాదు, ఆట మొదలుపెట్టడానికి మనకు కేటాయించిన సమయం. ధర విన్నాక చాయ్ తాగాల్సి వచ్చిందనుకోండి! మనిషికి నాలుగు లక్షల పైమాటే. ఫోన్ పెట్టేయబోతుంటే ఆయనే అడిగాడు... 'ఇంతకీ సర్ హ్యాండిక్యాప్ ఎంత?'

స్పీకర్‌లో ఆ మాట విన్న అమ్మ గాభరాగా వంటింట్లోంచి వచ్చింది. 'మీ నాయినకేమైందే? మంచిగనే ఉన్నడు గద!'

అందరం పడిపడి నవ్వాం. కానీ ఆ ఒక్క ప్రశ్నే మా ప్లాన్ మొత్తాన్ని తలకిందులు చేసింది.

లేని సర్టిఫికెట్

గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అంకె. ఓల్డ్ కోర్సులో 18 హోల్స్‌కు నిర్ణయించిన షాట్లు 72. మామూలుగా 90 షాట్లలో ముగించేవాడి హ్యాండిక్యాప్ స్థూలంగా 18 అనుకోవచ్చు. అంకె ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు. ఓల్డ్ కోర్సులో ఆడాలంటే లాటరీలో పేరొస్తే సరిపోదు, ఆ అంకె రాసి ఉన్న అధికారిక సర్టిఫికెట్ చూపించాలి. ఆట రానివాళ్లు దిగితే వెనకవాళ్లు ఆగిపోతారు, గడ్డి పాడవుతుంది. నియమం న్యాయమైనదే. గడ్డి పెంచిన నాన్న కూడా అదే అన్నాడు.

కానీ ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఏదో ఓ క్లబ్బులో సభ్యుడై ఉండాలి. ఆడిన ఆటలు అక్కడ లెక్కల్లో నమోదు కావాలి. వందలమంది సభ్యుల హ్యాండిక్యాపులు నోటికి చెప్పగల నాన్నకు తనదంటూ ఒక అంకె లేదు. ఆయన సోమవారాలు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

అయినా ఒకసారి అడుగుదామని క్లబ్బుకు వెళ్లాను. ఆఫీసులో మర్యాదగా కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు. 'సభ్యులకు మాత్రమేనండీ. కావాలంటే ఇన్నేళ్లు ఇక్కడ పనిచేశారని సర్వీస్ లెటర్ ఇస్తాం' అన్నారు. ఇచ్చారు కూడా. 34 ఏళ్ల సర్వీసు, ప్రవర్తన సంతృప్తికరం... రెండు లైన్లు, ఒక స్టాంపు. వాళ్ల రూలు వాళ్లది. తప్పు పట్టడానికేం లేదని నాకు నేను చెప్పుకుంటూనే బయటికొచ్చాను. కళ్లు మాత్రం మండుతున్నాయి.

గేటు దగ్గర నాన్నతో కలిసి సంచులు మోసిన పెద్దాయన ఒకరు పలకరించారు. విషయం చెబితే నవ్వారు. 'మీ నాయినకు సర్టిఫికెట్ ఎందుకు బిడ్డా... ఆయన చెయ్యి చూస్తే తెల్వదా? సెట్టున్నప్పుడైతే ఎట్ల ఆడుతుండె!'

'సెట్టా? ఏం సెట్టు?'

ఆయన చెప్పిందిదీ. రిటైరైన ఓ కల్నల్ ఊరొదిలి వెళ్తూ తన కర్రల సంచి మొత్తం నాన్నకు ఇచ్చేశారట. నాన్న దాన్ని ఇంటికి తేలేదు. మైదానంలో సామాన్లు పెట్టే షెడ్డులోనే దాచుకుని, సోమవారాలు తీసి తుడిచి ఆడుకునేవాడట. బాగా అరిగిపోయిన సెవెన్ ఐరన్ ఒక్కటే ఇంట్లో ఉంచుకున్నాడట, ఊపు తప్పకుండా ప్రాక్టీస్ చేసుకోవడానికి. '2010ల నీ పేపరు చదువుకు ఫీజు కట్టాలన్నప్పుడు అమ్మిండు గద. నీకు తెల్వదా?'

నాకు తెలీదు. జర్నలిజం డిప్లొమా ఫీజు కట్టాల్సిన చివరి రోజు నాన్న డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టడం గుర్తుంది. ఎక్కడివని అడిగితే 'క్లబ్బుల లోన్ ఇచ్చిండ్రు' అనడం గుర్తుంది. ఆ డిప్లొమాతోనే ఈ ఉద్యోగం. ఈ ఉద్యోగంతోనే ఇప్పుడీ యాత్ర.

ఇంటికెళ్లాక అడిగాను. నాన్న టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. 'ఇప్పుడా ముచ్చటెందుకు?' అన్నాడు. 'మరి ఈ ఒక్క కర్ర ఎందుకు ఉంచుకున్నావ్?' అంటే, 'దాని గ్రిప్పు చినిగి ఉండె. ఎవడు కొనలే' అన్నాడు. అది నిజమో కాదో నేను మళ్లీ అడగలేదు.

ఎర్ర ఇంటూ గుర్తు

ఆ రాత్రి నోట్‌బుక్ తెరిచాను. వారం రోజుల ప్లాన్‌లో ఆదివారం గడిలో ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు ఉంది. 'ఓల్డ్ కోర్సు మూత' అని పక్కన రాసుకున్నాను. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఆదివారాలు అక్కడ ఆట ఉండదు. అందుకే ఆ రోజు వృథా అనుకుని డండీలోనే ఉండిపోదామని రాసిపెట్టాను. ఎందుకు మూస్తారని మాత్రం చదవలేదు. విలేకరినై ఉండి 'ఎందుకు' అని అడగకపోవడం నా తప్పే!

ఆ రోజు కూర్చుని చదివాను. సముద్రానికీ పొలాలకూ మధ్య పంటకు పనికిరాని ఇసుకనేలను స్కాట్లాండ్‌లో 'లింక్స్' అంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో ఆ నేల మీద ఊరివాళ్లు కనీసం ఆరు వందల ఏళ్లుగా ఆడుతున్నారని చెబుతారు. జనం విలువిద్య మానేసి ఈ ఆట మీద పడ్డారని 1457లో రాజు రెండో జేమ్స్ కాలంలో పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించింది కూడా. 1552లో అక్కడి ఆర్చిబిషప్ ఆ నేలలో కుందేళ్లు పెంచుకోవడానికి అనుమతి తీసుకుంటూ ఓ పత్రం రాసిచ్చాడు. అక్కడ గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకునే హక్కు ఊరి జనానిదేనని అందులో ఉంది. ఇప్పటికీ ఆ నేల ప్రజలదే. 1974లో వచ్చిన చట్టం ప్రకారం ఓ ట్రస్టు దాని బాగోగులు చూస్తుంది. మొదటి, చివరి హోల్స్‌కు అడ్డంగా ఏకంగా ఊరి రోడ్డే వెళ్తుంది. షాట్ కొట్టబోయేవాడు దారినపోయేవాళ్లు దాటేదాకా ఆగాలి!

ఇక ఆదివారం సంగతి. ఆ రోజు గడ్డికి విశ్రాంతి. మైదానం పార్కవుతుంది. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు... ఎవరైనా నడవొచ్చు. టికెట్ లేదు, సభ్యత్వం లేదు, హ్యాండిక్యాప్ అడిగేవాళ్లు లేరు. వారమంతా 35 వేలు కట్టి అడుగుపెట్టే నేల మీద ఆదివారం ఉచితంగా నడవొచ్చు. ఈ విశ్రాంతి ఆచారాన్ని గట్టిగా నిలబెట్టినవాడిగా ఓల్డ్ టామ్ మోరిస్ పేరు చెబుతారు. ఆటగాళ్లకు విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకు కావాలన్నది ఆయన వాదనట. 1821లో అదే ఊళ్లో పుట్టిన ఈయన నేతపనివాడి కొడుకు. నాలుగుసార్లు ఓపెన్ చాంపియన్. అయినా నలభై ఏళ్ల దాకా చేసిన ఉద్యోగం ఏమిటో తెలుసా? ఆ మైదానానికి గ్రీన్‌కీపర్. గడ్డి పనివాడు!

పొద్దున్నే నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. చాయ్ గ్లాసు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

'అంటే... మనకు సోమవారం, ఆళ్లకు ఐతారం' అన్నాడు. కాసేపాగి, 'టికెట్ చూడు బిడ్డా' అన్నాడు. ఈ యాత్ర గురించి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి 'సరే' అదే.

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. ఈసారి ఆదివారాన్ని మధ్యలో రాసి, మిగతా రోజుల్ని దాని చుట్టూ పేర్చాను. సెయింట్ ఆండ్రూస్‌లో ఆ ట్రస్టు కిందే ఏడు కోర్సులున్నాయి. అందులో బాల్‌గోవ్ తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు. పిల్లలు, కొత్తవాళ్లు ఆడేది. అక్కడ హ్యాండిక్యాప్ అడగరు. శనివారం అక్కడ ఆట. ఓల్డ్ కోర్సు పక్కనే 'హిమాలయాస్' అనే ఎత్తుపల్లాల పుట్టింగ్ గ్రీన్ ఉంది. కొద్ది పౌండ్లిస్తే ఎవరైనా ఆడొచ్చు. దాన్ని నడిపేది 1867లో పుట్టిన మహిళల క్లబ్బు. ఆడవాళ్లు కర్రను భుజం దాటి ఎత్తడం మర్యాద కాదనుకున్న రోజుల్లో వాళ్లు నెమ్మదిగా బంతిని దొర్లించే ఈ ఆటను ఎంచుకున్నారు. ఆ ఊళ్లోని ప్రఖ్యాత రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా ఒప్పుకోలేదు మరి! అక్కడ నేనూ అమ్మా ఆడతామని రాశాను. సోమవారం ఎడింబరో పక్కనున్న మసెల్‌బరో. గుర్రప్పందేల మైదానం మధ్యలో తొమ్మిది హోల్స్. 1672లోనే అక్కడ గోల్ఫ్ ఆడినట్టు రికార్డులున్నాయి. చిన్న కోర్సులన్నీ కలిపినా ఓల్డ్ కోర్సు ఒక్క ఆట ఖర్చు కాలేదు.

వీసా ఫారం నింపుతూ 'ఎందుకు వెళ్తున్నారని రాయాలి నాన్నా?' అంటే, 'గడ్డి చూసెతందుకు అని రాయి' అన్నాడు. 'కొడుకును చూడటానికి, విహారానికి' అని రాశాను. వేలిముద్రలు తీసుకునేచోట మాత్రం ఇబ్బందైంది. మూడుసార్లు పెట్టించినా మిషన్ తీసుకోలేదు. ఏళ్లకేళ్లు గడ్డి కోసే మిషన్ పిడులు, పైపులు పట్టిన వేళ్లు... గీతలు అరిగిపోయాయి. నాలుగోసారి అక్కడి అమ్మాయి తడిగుడ్డతో నాన్న వేళ్లు తుడిచి, తన చేత్తో మెల్లగా అదిమి పట్టుకుంది. అప్పుడు తీసుకుంది.

సెవెన్ ఐరన్‌ను చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు. అమ్మ దాన్ని పాత చీరలో చుట్టి పెద్ద సూట్‌కేసులో ఐమూలగా పెట్టింది. పట్టడానికి రెండు కిలోల పచ్చళ్లు తీసేయాల్సి వచ్చింది. తమ్ముడు ఇప్పటికీ ఆ విషయం మర్చిపోలేదు.

ఆ ఆదివారం

2025 జూన్ 21, శనివారం. బాల్‌గోవ్‌లో స్కూలు పిల్లల వెనక మా వంతు వచ్చింది. అద్దెకు కర్రలిస్తామన్నా నాన్న తీసుకోలేదు. తొమ్మిది హోల్స్ ఆ ఒక్క కర్రతోనే ఆడాడు. గ్రీన్ మీద బంతి దొర్లించడానికి కూడా అదే. మొత్తం 41 షాట్లు. తమ్ముడు కార్డు మీద రాసి సంతకం పెట్టమంటే, నాన్న పేరు మొత్తం కూడబలుక్కుని ఇంగ్లిషులో రాశాడు. ఆయన పేరుతో ఉన్న మొదటి స్కోరు కార్డు అది. సాయంత్రం హిమాలయాస్‌లో అమ్మ, చీర మీద స్వెట్టర్, దాని మీద వానకోటుతో, ఓ హోల్‌ను రెండే షాట్లలో పూర్తిచేసి అందరికంటే పెద్దగా అరిచింది.

మర్నాడు ఆదివారం. చినుకులు పడి వెలిశాయి. మేం చేరేసరికి ఓల్డ్ కోర్సు నిండా జనం. ఒకాయన కుక్కను పరుగెత్తిస్తున్నాడు. స్విల్కన్ బ్రిడ్జి దగ్గర ఫొటోలకు చిన్న క్యూ. మా వంతు వచ్చాక నాన్న వంతెన ఎక్కి, టైగర్‌లా టోపీ తీయబోయాడు. మంకీ క్యాప్ రాలేదు. నవ్వుతూనే దిగొచ్చాడు.

గ్రీన్ల మీదికి మాత్రం వెళ్లలేదు. అంచున కూర్చుని అరచేయి ఆనించి చూశాడు. 'నీళ్లు ఎక్కువ పెట్టరు. అందుకే గింత గట్టిగ ఉన్నది' అన్నాడు. ఒకే గ్రీన్ మీద రెండు జెండాల గుంటలు చూసి ఆశ్చర్యపోయాడు. ఓల్డ్ కోర్సులో అలాంటి జంట గ్రీన్లు ఏడు. ఒక గ్రీన్‌ను పంచుకునే రెండు హోల్స్ అంకెలు కూడితే ఎప్పుడూ 18 వస్తుందని చెబితే, దారి పొడవునా కూడుకుంటూ నడిచాడు... రెండు, పదహారు... మూడు, పదిహేను...

తిరిగొచ్చేటప్పుడు చివరి హోల్ దారిలో ఒకచోట ఆగిపోయాడు. ముందురోజు ఎవరో కొట్టిన దెబ్బకు అరచేయంత గడ్డిముక్క లేచిపోయి పక్కన పడి ఉంది. గోల్ఫ్‌లో దాన్ని డివట్ అంటారు. నాన్న వంగి, ఆ ముక్కను తీసుకొచ్చి గుంటలో సరిగ్గా అమర్చి, అంచులు వేళ్లతో దగ్గరికి నొక్కి, పైన బూటుతో మెల్లగా అదిమాడు.

'మనకెందుకు నాన్నా, రేపు వాళ్లు చేసుకుంటారు కదా' అన్నాడు తమ్ముడు.

'రేపటిదాంక ఎండిపోదా?' అన్నాడు నాన్న, చేతికంటిన మన్ను ప్యాంటుకు తుడుచుకుంటూ.